చెట్టుపాము మచ్చిక: కోరి కష్టం తెచ్చుకునేవారికి చిట్కాలు

కుక్కను పెంచితే ఊళ్లో ఎవరూ తల తిప్పి చూడరు. పుంగనూరు ఆవును తెచ్చి కట్టేస్తే నాలుగు రోజులు చూస్తారు, ఐదో రోజు పాలెన్నిస్తుందని అడిగి పోతారు. అదే మెడలో పచ్చటి పామును వేసుకుని రామసముద్రం బస్టాండులో టీ తాగారనుకోండి, ఆ వైభోగమే వేరు. కాబట్టి పాము పెంచాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు. సలహా చెప్పేవాళ్లే కరువు. అటవీశాఖ వాళ్లని అడిగితే చట్టం చదువుతారు. పశువుల డాక్టరుని అడిగితే దండం పెడతాడు. అవ్వని అడిగితే చీపురు తిరగేస్తుంది. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు. ఇవన్నీ పాటిస్తే ఫలితం మాత్రం ఖాయం.

ముందుగా మీరు సెల్‌ఫోన్‌లో చూసి మనసు పారేసుకున్న పాము సంగతి. అడ్డకొమ్మ మీద చుట్టలు చుట్టుకుని, ఆ చుట్టల నడిమధ్య తల ఆనించి కూర్చుంటుందే, అది గ్రీన్ ట్రీ పైథాన్. దాని సొంతూరు న్యూ గినియా, దాని చుట్టూ ఉన్న ఇండోనేసియా దీవులు, ఆస్ట్రేలియా ఉత్తరపు కొస. అచ్చం అట్లాగే కూర్చునే ఇంకో పాము ఎమరాల్డ్ ట్రీ బోవా. అది దక్షిణ అమెరికాది. రెండూ విషం లేనివే. రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు, వేర్వేరు అడవుల్లో పెరిగినా కూర్చునే తీరు మాత్రం ఒకటే నేర్చుకున్నాయి. విదేశాల్లో వీటిని ఏళ్ల తరబడి పెంచినవాళ్లు ఒక్క మాట మీద ఉంటారు: ఇవి అద్దం బయట నుంచి చూసుకునే పాములు, చేతుల్లో ఆడించుకునే పాములు కావు. ఇంత పిరికి మాట విని మీరు వెనకడుగు వేయకూడదు.

ఈ పామును పట్టే వేళ రాత్రి. పగలంతా కొమ్మ మీద ముద్దగా పడి ఉంటుంది కదా, అప్పుడు పట్టుకుంటే గొప్పేముంది? చీకటి పడ్డాక తల కిందికి దించి, ఒళ్లు వదులు చేసి, వేటకు కాచుకుని ఉంటుంది. పెదవుల వెంబడి వరసగా ఉన్న గుంటలతో ఎదుటి ప్రాణి ఒంటి వేడిని పసిగడుతుంది. ఆ చీకట్లో వెచ్చగా ఏది కదిలినా దాని లెక్కలో ఎలుకే. మీరు లైటు ఆర్పేసి, అప్పుడే ఎలుకను ముట్టుకున్న చేతిని, కడుక్కోకుండా, మెల్లగా లోపలికి పెట్టండి. దానికి కోపం వచ్చి కరిచిందని తర్వాత అందరికీ చెప్పుకోవచ్చు. నిజానికి అది అన్నం పిలుపు విని వచ్చింది. పళ్లు పొడుగ్గా, వెనక్కి వంగి ఉంటాయి. దొరికిన వేటను జారిపోకుండా పట్టుకోవడానికి పనికొచ్చే పళ్లు అవి, మనిషి చెయ్యయినా అంతే గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు మీరు చేయవలసిందల్లా చేతిని విసురుగా వెనక్కి లాగడం. చర్మం చీరుకుపోతుంది, పాము పళ్లు విరుగుతాయి, ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

కొమ్మ మీద నుంచి దించేటప్పుడు తోక పట్టుకుని గుంజండి. చెట్టుపాము తోకతో కొమ్మను మెలేసుకుంటుంది, పైన ఉన్న బరువంతా ఆ మెలిక మీదే ఆగుతుంది. తెలిసినవాళ్లు ఆ కొమ్మనే తీసి బయట పెడతారు, లేకపోతే వంపు తిరిగిన కడ్డీ ఒకటి ముందు వైపు ఆనించి, పాము తనంతట తానే దాని మీదికి పాకి వచ్చేదాకా నిలబడతారు. అందుకు పది నిమిషాలు పట్టవచ్చు. అంత ఓపిక మీకెక్కడిది? లాగండి. తోక దగ్గర వెన్నుపూస దెబ్బతింటే అది జన్మంతా వంకరగా మిగులుతుంది, ఎవరింటి పామో గుర్తు పట్టడానికి వీలుగా ఉంటుంది.

పిల్లపాములు మరీ ముచ్చటగా ఉంటాయి. గ్రీన్ ట్రీ పైథాన్ పిల్ల పుట్టినప్పుడు పసుపు రంగులోనో ఇటుక రంగులోనో ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక పచ్చబడుతుంది. ఈ మార్పు కనిపించగానే తెగులనుకుని, టమోటాకు కొట్టే మందేదైనా పనికొస్తుందా అని మదనపల్లె పురుగుమందుల కొట్టులో వాకబు చేయండి. పిల్లపాము పెద్దదానికన్నా ఎక్కువ బెదురుతుంది, ఎక్కువసార్లు కాటు వేస్తుంది. చిన్నది కాబట్టి సాధువు అని నమ్మి పిల్లల చేతికివ్వడమే సరైన పద్ధతి.

వాతావరణం గురించి దిగులు పడొద్దు. వానలు ఎడతెగని అడవిలో, చెమ్మగాలిలో బతికే ప్రాణి అది. రామసముద్రంలో మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద అద్దాల పెట్టె పెట్టండి. గాలిలో తేమ లేక కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, ఒంటికి అంటుకుపోతుంది. ఊడని కుబుసాన్ని గోటితో గీకి పీకేయాలి, ముఖ్యంగా కంటి మీదిది. పాముకు కనురెప్పలు ఉండవు, కంటి మీద పారదర్శకంగా ఒక పొలుసు ఉంటుంది, అది కూడా కుబుసంతోపాటే ఊడుతుంది. తప్పు వేళ పీకితే కింది పొలుసు, దాంతోపాటు చూపూ పోతాయి. కుబుసం విడవడానికి కొద్దిరోజుల ముందు కళ్లు పాలు పోసినట్టు తెల్లగా మసకబారతాయి. ఆ రోజుల్లో దానికి ఏమీ సరిగా కనబడదు, తాకిన ప్రతిదీ శత్రువే. చుట్టాలను పిలిచి చూపించడానికి అంతకన్నా మంచి రోజులు దొరకవు.

ఈ విదేశీ పాములు కొనే స్తోమత అందరికీ ఉండదు. అదృష్టవశాత్తు మన చేలగట్ల మీదే ఉచితంగా దొరికేది ఒకటుంది. పసిరిక పాము.

దీన్ని చూడాలంటే మల్బరీ తోటకో, కర్రలు పాతి టమోటా కట్టిన మడికో వెళ్లాలి. వెళ్లినా చూడలేరు. ఊతకర్ర మీద తీగతోపాటు సాగి ఉంటుంది, మనిషి పక్కనే కూర్చుని గంపెడు కాయలు కోసుకుపోయినా కనిపించదు. వేలెడు లావు కూడా ఉండదు, పొడుగు నాలుగైదు అడుగులు. గాలి వీస్తే ఆకులతోపాటు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, గాలి ఆగితే ఆగుతుంది. ఒక్కోసారి నాలుక బయటికి చాచి, ఆడించకుండా, కాసేపు అలాగే ఉంచేస్తుంది. ముక్కు సూదిగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కంటిపాప మనకున్నట్టు గుండ్రంగానూ ఉండదు, పిల్లికున్నట్టు నిలువుగానూ ఉండదు. అడ్డంగా, ఒక కొస సాగి, తాళంచెవి దూర్చే కంత ఆకారంలో ఉంటుంది. ఆ కంటి ముందు నుంచి ముక్కు దాకా చెంపకు గాడి పడి ఉంటుంది. ఆ గాడి వెంట రెండు కళ్లూ ఒకే చోటికి గురిపెట్టి, తొండ ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటాయి. ఇటువంటి చూపున్న పాములు చాలా కొద్ది.

ఇప్పుడు దాని స్వభావానికి వద్దాం. మీరు దగ్గరికి పోయినా అది కదలదు. దీన్ని మచ్చిక అనుకోవాలి. 'నేను కనబడటం లేదు' అన్న నమ్మకంతో అది బిగుసుకుపోయిందని జంతుశాస్త్రం చెబుతుంది, కానీ మనకు ఫోటో ముఖ్యం. చెయ్యి వేయండి. మొదట మెడ, ఆ తర్వాత ఒళ్లు ఉబ్బిస్తుంది. పచ్చటి పొలుసులు ఎడమై, వాటి సందుల్లోంచి నలుపు తెలుపు గళ్ల చర్మం బయటపడుతుంది. అప్పటిదాకా తీగ అనుకున్నది ఉన్నట్టుండి వేరే ప్రాణి అయిపోతుంది. తల వెనక్కి లాక్కుని నోరు బార్లా తెరుస్తుంది. నవ్వుతోందన్నమాట. మొహాన్ని దాని ఎదురుగా పెట్టి సెల్ఫీ తీసుకోవలసింది ఆ క్షణంలోనే.

"మామా, ఇది కండ్లు పొడుస్తాదంట కదా?"

"పొడిస్తే అద్దాలు పెట్టుకుందాం లేరా అబ్బీ. ముందు ఫోటో తియ్యి."

కళ్లు పొడుస్తుందన్న మాట ఒక్క మన ఊరిది కాదు. కుప్పం దాటితే తమిళం మాట్లాడేవాళ్లు దీన్ని కణ్‌కొత్తి పాంబు, అంటే కన్ను పొడిచే పాము అనే పిలుస్తారు. దానికి కంటి మీద ప్రత్యేకంగా పగ ఏమీ లేదు. బెదిరినప్పుడు ఎదురుగా కదిలే దాని మీదికి ఎగబడుతుంది, మొహాన్ని దగ్గరికి తెచ్చుకున్నవాళ్లకి మొహమే ఎదురుగా ఉంటుంది. కళ్లు పొడుస్తుందని అవ్వలు చెప్పే మాట శాస్త్రానికి నిలవకపోయినా, సెల్ఫీలవాళ్ల విషయంలో వాళ్ల హెచ్చరికకు తిరుగు లేదు. దాని కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి, విషం తొండనూ కప్పనూ లొంగదీసుకునేపాటిది. మనిషికి కరిచిన చోట నొప్పి, వాపు వస్తాయి. ఇంత చిన్న సంగతికి దాన్ని చూసిన చోటల్లా కర్రతో నడుం విరగ్గొట్టి చంపే వాళ్లు ఉన్నారు, ఆ పద్ధతిని నేను సలహాల్లో చేర్చనక్కర్లేదు, ఎవరూ చెప్పకుండానే జరుగుతోంది.

ఇంటికి తెచ్చాక తిండి. దాని తిండి తొండలు, బల్లులు, కప్పలు, అవీ బతికున్నవి, అవీ కదిలేవి. పట్టి తెచ్చిన పసిరిక పాము చాలాసార్లు ఏదీ ముట్టదు, ఎండిపోయి చస్తుంది. మీరు మాత్రం రాగిసంగటి ఉండ ఒకటి, కొంచెం ఊరిబిండి పక్కన పెట్టండి. తినకపోతే బిడియపడుతోందనుకోండి. ఎలాగోలా ఒక తొండను మింగించారా, వెంటనే చేతిలోకి తీసుకుని ఊరంతా తిప్పండి. మేత అరిగేదాకా రెండు రోజులైనా ముట్టుకోకూడదని పెంపకందార్లు అంటారు. అలా తిప్పితే మింగింది కక్కేస్తుంది. ఆ వీడియోకి ఇంకా ఎక్కువ లైకులు.

పాలు తప్పనిసరి. నాగుల చవితికి పుట్టలో పోస్తున్నాం కదా, ఇంట్లో గిన్నెలో పోస్తే తాగదా? తాగుతుంది, దానికి ముందు ఒక పని చేయాలి. పాములాడించేవాళ్లలో కొందరు పండగకు వారాల ముందు నుంచి పాముకు నీళ్లు కూడా ఇవ్వకుండా మాడుస్తారు. దాహంతో ఉన్న ప్రాణి ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. పాలు దాని ఒంటికి అరగవు, కొన్ని ఆ తర్వాత చచ్చిపోతాయి. భక్తులకి ఆ సంగతి తెలియదు, పండగ అయిపోయి ఉంటుంది. పుట్ట దగ్గర పోసే పాలు చీమలకు పోతున్నాయి, నాకైతే అందులో అభ్యంతరం ఏమీ లేదు. మన తల్లులు ఆ పూట పుట్టను తవ్వకుండా, పాము కనబడితే కొట్టకుండా ఆగుతారు, అంతమటుకు అది పాములకు మంచి రోజే. పట్టి తెచ్చిన పాము నోరు తెరిచి గరిటెతో పొయ్యడమే నేను చెప్పే మచ్చిక.

నాగస్వరం నేర్చుకోండి. పాము పాటకు తల ఊపుతుందని సినిమాల్లో చూశాం. ఎదుట ఊగే బుర్రను, ఊదేవాడి మోకాలి కదలికను నాగుపాము కనిపెడుతూ ఉంటుంది, రాగాన్ని కాదు. పాముకు బయటికి చెవులుండవు, నేల అదురునూ తక్కువ స్థాయి ధ్వనులనూ గ్రహిస్తుంది. అయితేనేం, పసిరిక పాము ముందు కూర్చుని పున్నాగవరాళి సాధన చేస్తే మీ సంగీతం బాగుపడవచ్చు. 1980లో వచ్చిన 'పున్నమి నాగు'లో చిరంజీవికి చిన్నప్పటి నుంచి అన్నంలో విషం పెట్టి పెంచుతారు. అది చూసి ప్రయోగాలకు దిగకండి అని చెప్పడం నా బాధ్యత కాదు, ఈ వ్యాసం దాని కోసం కాదు.

పసిరిక పాము మందకొడిగా ఉందనిపించి చురుకైనది కావాలంటే కంచు రంగు వీపున్న చెట్టుపాము ఉంది. తాటిమట్టల్లో, పూరి కప్పుల్లో, మామిడి తోపుల్లో తిరుగుతుంది. తమిళులు దీన్ని కొంబేరి మూక్కన్ అంటారు. ఇది కరిచి ఊరుకోదనీ, కాటు తిన్నవాడి శవం శ్మశానంలో కాలుతుంటే చెట్టు చిటారుకొమ్మ ఎక్కి ఆ పొగ చూసి తృప్తి పడుతుందనీ ఒక కథ ఉంది. నిజంగా ఇది విషమే లేని పాము. కాబట్టి ఆ పొగ కోసం అది చాలాకాలం కొమ్మ మీద కాచుకుని ఉండాలి. పట్టుకుంటే మాత్రం క్షణం కుదురుగా ఉండదు, దులుపుకుని, కరిచి, ఒక కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మ మీదికి దూకి పోతుంది. బెదిరినప్పుడు పొలుసుల మధ్య నీలం రంగు తళుక్కుమంటుంది. ఆ నీలాన్ని చూడాలని దాన్ని పదే పదే బెదిరించండి.

ఎగిరే పాము కావాలా? అదీ ఉంది. శ్రీలంకలో తప్ప మరెక్కడా ఉండదనుకున్న ఎగిరేపాము రకం ఒకటి మన శేషాచలం అడవుల్లో దొరికిందని 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పక్కటెముకలు విప్పార్చి ఒళ్లంతా బల్లపరుపుగా చేసుకుని, తనంతట తాను కొమ్మ నుంచి దూకి, గాలిలో మెలికలు తిరుగుతూ పక్క చెట్టు దాకా జారుతుంది. మీకు ఏ పచ్చపాము దొరికినా మిద్దె మీంచి విసిరి చూడండి, ఎగిరితే అదే, ఎగరకపోతే కాదు.

ఇక పాములను గుర్తు పట్టడం. ఈ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: గుర్తు పట్టొద్దు, రంగు చూసి నమ్మండి. పచ్చగా ఉందా, పసిరికే. చెట్టు మీద ఉందా, చెట్టుపామే.

రెండు వందల ఏళ్ల క్రితం ఈ సూత్రం తెలియని అమాయకుడు ఒకాయన ఉండేవాడు. పాట్రిక్ రస్సెల్, స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యుడు. 1781లో విశాఖపట్నం చేరాడు. కోరమండల్ తీరపు పాములను సేకరించి, ఒక్కోదానికి బొమ్మ వేయించి, జనం నోట్లో ఉన్న తెలుగు పేరునే ఆ పాముకు రాసుకుని, 1796లో పెద్ద పుస్తకంగా తెచ్చాడు. సన్నటి పసిరికను ఒక చోటా, వెదురు పొదల్లో ఉండే పచ్చటి 'బొద్రు పాము'ను ఇంకో చోటా విడివిడిగా పెట్టాడు. బొద్రు పాము అంటే వెదురు పింజర. తల పెద్దది, ఒళ్లు బరువు, కంటిపాప నిలువు, కంటికీ ముక్కుకీ మధ్య వేడిని పసిగట్టే గుంట. అదీ చెట్టు మీదే ఉంటుంది, అదీ పచ్చగానే ఉంటుంది, అదీ కదలకుండానే ఉంటుంది, కానీ దాని కోరలు నోటి ముందు భాగంలో ఉన్నాయి. తూర్పు కనుమల కొండల్లో ఉండే ఈ పాము విషానికి మన ఆసుపత్రుల్లోని మందు ప్రత్యేకంగా తయారు చేసింది కాదు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషంతో చేస్తారు. ఇవన్నీ గుర్తు పెట్టుకుంటే మీ ధైర్యం సడలుతుంది, కాబట్టి ఈ పేరా మరిచిపోండి. రస్సెల్ ఆ రోజుల్లో పేరు మోసిన తంజావూరు మాత్రలను కూడా కాటు వేయించిన జంతువుల మీద పరీక్షించాడు. ఆ మాత్రల్లో పాషాణం ఉండేది. పాము చంపకపోతే మందు చంపేదన్నమాట.

గోధుమరంగు చెట్టుపాము ఇంకొకటి ఉంది, రాత్రిపూట తిరిగే పిల్లికళ్ల పాము. పెద్ద కళ్లు, నిలువు పాప, ఒంటి మీద వంకర మచ్చలు. బెదిరిస్తే చుట్ట చుట్టుకుని, తోక అదరగొడుతూ మీదికి దూకుతుంది. దీని విషమూ బల్లులకే. చిక్కల్లా ఏమిటంటే, రాయలసీమ గుట్టల్లో, రాళ్ల గట్లలో విరివిగా ఉండే చిన్నపింజర కూడా గోధుమరంగే, దాని మీదా వంకర మచ్చలే, అదీ చుట్ట చుట్టుకునే దూకుతుంది, అదీ రాత్రి పొదలెక్కుతుంది. ఒళ్లు ఒళ్లుకు రాచి సరసరమని చప్పుడు చేస్తుంది. ఈ రెంటినీ ఎలా తేల్చుకోవాలంటే, ఫోన్ టార్చి వెలుగులో, కూడా వచ్చిన స్నేహితుడి గ్యారంటీ మీద. నాగుపాము, జెర్రిపోతు కూడా పిట్టగూళ్ల కోసం చెట్లెక్కుతాయి. ఎక్కినంత మాత్రాన అవి చెట్టుపాములు కావని వాటికెవరూ చెప్పలేదు.

మేం పట్టలేమా అంటారా? తమిళనాడులో తరతరాలుగా పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్లు పడుతున్నారు కదా. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో 1978లో వాళ్ల సహకార సంఘం ఏర్పడింది. ప్రభుత్వ అనుమతితో పాములను పట్టి, కొన్ని వారాలు ఉంచి విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందు తయారీకి ప్రధాన ఆధారం ఆ విషమే. అందులోని వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి అక్కడి కొండచిలువలను పట్టి వచ్చారు, 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మన నెల్లూరు, చిత్తూరు వైపు యానాదుల్లోనూ ఆ విద్య తరతరాలుగా ఉంది. వాళ్లు కన్ను తెరిచినప్పటి నుంచి నేర్చుకున్నది మీరు ఆదివారం మధ్యాహ్నం వీడియో చూసి నేర్చుకోగలరు. ఒక తేడా ఉంది: వాళ్లు పామును మెడలో వేసుకుని ఫోటో దిగరు, పని అయ్యాక వదిలేస్తారు.

విదేశీ పాము మీదే మనసుంటే తెచ్చుకునే దారులు రెండు. ఒకటి విమానం. 2023 ఏప్రిల్‌లో చెన్నై విమానాశ్రయంలో కౌలాలంపూర్ నుంచి దిగిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన పెట్టెల్లో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు బయటపడ్డాయి, ఆరు కోతులు చచ్చి ఉన్నాయి. పెట్టెలో గుడ్డసంచీలో ముడివేసిన పాముకు స్వభావం ఎలా ఉంటుందో ఊహించుకోండి, అది మీ ఇంటికి వచ్చేదాకా బతికితే అదే స్వభావంతో వస్తుంది. ఇంకో దారి కాగితాలున్న పాము కొనడం. అడవి ప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే జంతువును పెంచేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. గ్రీన్ ట్రీ పైథాన్, ఎమరాల్డ్ ట్రీ బోవా రెండూ ఆ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. నమోదు అనగానే ఇల్లు, ఆస్తి, పాము, అన్నీ ప్రభుత్వానికి తెలిసిపోతాయని భయపడి మానేయడమే తెలివి.

పసిరిక పాముకైతే కాగితాల బాధే లేదు. ఎందుకంటే దానికి ఏ కాగితమూ ఇవ్వరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి పాములను పట్టడం, పెంచడం, ఆడించడం నేరం. 2022 సవరణ తర్వాత మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మొదటి షెడ్యూలులోని ప్రాణి అయితే మూడు నుంచి ఏడేళ్లు. మీరు దిగిన సెల్ఫీలో మీ మొహం, పాము మొహం రెండూ స్పష్టంగా ఉంటాయి కాబట్టి సాక్షులను వెతికే శ్రమ కూడా తప్పించిన వాళ్లవుతారు.

చివరగా మచ్చిక ఎప్పుడు కుదిరిందో తెలుసుకునే గుర్తులు చెబుతాను. పాము కొన్నాళ్లకు మీ చేతిలో కదలకుండా ఉంటుంది. బుస కొట్టదు, నోరు తెరవదు. ప్రేమ కుదిరిందని సంబరపడండి. పాము మెదడులో ఆప్యాయతకు చోటుందని ఇంతవరకూ ఎవరూ చూపలేదు, పగకూ చూపలేదు. అది మీ వాసనకు అలవాటు పడుతుంది, మీరు తన తిండి కాదని తెలుసుకుంటుంది, అంతే. చాలాసార్లు ఆ కదలకపోవడం జబ్బు గుర్తు. తిండి లేక ఒళ్లు సన్నబడి, వెన్నెముక చర్మం కింద గట్టుగా కనబడితే, అది అలిసిపోయిందని అర్థం. దాన్ని మీరు ఓర్పు అనుకుంటే మీకూ పాముకూ చివరిదాకా పేచీ ఉండదు.

ఇక్కడితో ఎకసెక్కం ఆపుతున్నాను, ఎందుకంటే మిగిలిన మాట కాటు గురించి.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58,000. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలామంది పల్లెల్లో, పొలాల్లో, ఇళ్ల దగ్గర కాటు తిన్నవాళ్లు. పెంచుకోబోయి కాటు తిన్నవాళ్లు వేళ్ల మీద లెక్క, ఆ లెక్కలో కొత్తగా చేరొద్దు.

పాము కరిస్తే, అది చెట్టుపామే అనిపించినా, ఆసుపత్రికి పోవాలి. పసిరిక అనుకున్నది పసిరిక కాకపోవచ్చు, పిల్లికళ్ల పాము అనుకున్నది చిన్నపింజర కావచ్చు. కట్టు బిగించి కట్టకండి, రక్తం పారడం ఆగి కాలో చెయ్యో పాడవుతుంది. కోయకండి, నోటితో పీల్చకండి, పసర్లు పూయకండి, మంత్రం వేసేవాడి కోసం దారి మళ్లకండి. ఉంగరం, గాజులు, కాలిపట్టీలు వాపు రాకముందే తీసేయండి. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా మెత్తగా కర్రకట్టు వేసి, మనిషిని నడిపించకుండా 108కు ఫోన్ చేయండి. రామసముద్రం నుంచైనా, పుంగనూరు నుంచైనా, కుప్పం నుంచైనా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి ముందు చేరాలి.

పామును చంపి ప్లాస్టిక్ కవర్లో వేసి తీసుకెళ్లాల్సిన పని లేదు. దాన్ని వెతకబోయి ఇంకొకరు కాటు తిన్న సందర్భాలున్నాయి. ఆసుపత్రిలో కొంచెం రక్తం తీసి, శుభ్రమైన గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దవుతోందా అని చూస్తారు, వాలితే నాగుపామో కట్లపామో. పాము పేరు తెలియకపోయినా మందు మొదలుపెట్టడానికి డాక్టరుకు ఆ గుర్తులు చాలు.